అరచేతిలో తెలుగు పేజీ

‘‘తెలుగు లెక్చరరువి. భారతమో ప్రబంధమో చెప్పుకోక నీకెందుకమ్మాయ్ ఈ గొడవ?’’ అన్నారు మా అత్తగారు. అప్పుడు వేసవి సెలవులు. కంప్యూటరు ముందు కూర్చుని, ఒక చిన్న గీత ఎక్కడ తప్పిపోయిందా అని నేను గంటసేపటినించి వెతుక్కుంటున్నాను.

ఆవిడ అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. నేను చదివింది తెలుగు ఎం.ఏ. ఇరవై యేళ్ళుగా చెబుతున్నది ఛందస్సూ, వ్యాకరణమూ. అల్లాంటిదాన్ని, ఎం.ఏ. రెండో సంవత్సరం పిల్లలకి సెల్‌ఫోనులో చదువుకోదగిన వెబ్ పేజీలు తయారుచేయడం నేర్పవలసి వచ్చింది!

సంగతేమిటంటే, మా పిల్లలు యేటా ఒక ప్రాజెక్టు చేస్తారు. తమ తమ ఊళ్ళకి వెళ్ళి అక్కడి మాటలూ, సామెతలూ, పాటలూ పోగుచేసి, టైపు చేయించి, నల్ల అట్ట వేయించి, దానిమీద బంగారు రంగు అక్షరాలు కొట్టించి పట్టుకొస్తారు. మేం మార్కులు వేస్తాం. ఆ మీదట అది బీరువాలోకి వెళ్ళిపోతుంది. అల్లా వెళ్ళిన పుస్తకం మళ్ళీ బయటికి రావడం నా సర్వీసులో చూడలేదు, చెదలు పట్టినప్పుడు తప్ప. నిరుడు మా ప్రిన్సిపాలుగారు, ‘‘ఈసారి అట్టలు వద్దు. ఏ ఊరిమాటలు పోగుచేస్తున్నారో ఆ ఊరివాళ్ళే ఫోనులో చదువుకునేటట్టు చేయించండి’’ అన్నారు. నేర్పేవారెవరు అన్న ప్రశ్న వచ్చేసరికి స్టాఫురూములో అందరూ నావేపే చూశారు.

కంప్యూటరు సైన్సు మేష్టారొకాయన దయతలిచి నెల్లాళ్ళు నాకు పాఠం చెప్పారు. ఆ పాఠమే నేను పధ్నాలుగుమంది పిల్లలకి చెప్పాను. వాళ్ళలో ఒక అమ్మాయికి నేను చేసిన అన్యాయమూ, ఆ అమ్మాయి నాకు నేర్పిన పాఠమూ చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

వ్యాకరణం, అలంకారం, క్రియ

మొదటిరోజున పిల్లల మొహాలు చూస్తే, నాకు ఎంత భయంగా ఉందో వాళ్ళకీ అంత భయంగా ఉన్నట్టు తెలిసింది. అంచేత మాకు తెలిసిన మాటల్లోనే మొదలుపెట్టాను.

‘‘వెబ్ పేజీకి మూడు భాషలు కావాలి. ఏది శీర్షిక, ఏది పేరా, ఏది పట్టిక అని చెప్పేది హెచ్.టి.ఎమ్.ఎల్. అది వ్యాకరణం. అక్షరం ఎంత లావుండాలి, రంగేమిటి, వరసకీ వరసకీ ఎంత ఎడం ఉండాలి అని చెప్పేది సి.ఎస్.ఎస్. అది అలంకారం. వేలు తగిలితే ఏం జరగాలో చెప్పేది జావాస్క్రిప్టు. అది క్రియ.’’

‘‘మరి కర్త ఎవరు మేడమ్?’’ అన్నాడో కుర్రాడు.

‘‘నువ్వే. తప్పొస్తే కంప్యూటరుమీద పెట్టకు’’ అన్నాను.

హెచ్.టి.ఎమ్.ఎల్.లో ప్రతి మాటల గుంపుకీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు ఉంటాయి. వెనక గుర్తులో ఒక ఏటవాలు గీత ఉంటుంది. తెరిచిన తలుపు మళ్ళీ మూయాలన్నమాట. శీర్షిక దగ్గర తలుపు మూయడం మరిచిపోతే, కింద ఉన్నదంతా శీర్షికే అనుకుని కంప్యూటరు పేజీ నిండా లావు లావు అక్షరాలు పరిచేస్తుంది. వేసవిలో నేను గంటసేపు వెతుక్కున్నది ఆ గీతనే.

ఈ విద్యకి ఆద్యుడు టిమ్ బెర్నర్స్-లీ అనే ఇంగ్లీషాయన. 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో పనిచేస్తూ, శాస్త్రజ్ఞులు ఒకరి కాగితాలొకరు సులువుగా చూసుకోవడానికి ఈ పద్ధతి ప్రతిపాదించాడు. 1991లో అది బయటి ప్రపంచానికి తెలిసింది. ఆ తొలి పేజీల్లో హంగులు లేవు. తెరమీద ఎంత చోటుంటే అంతలో వాక్యాలు సర్దుకునేవి. చెంబులో పోస్తే చెంబు ఆకారం, గ్లాసులో పోస్తే గ్లాసు ఆకారం వచ్చే నీళ్ళలాగన్నమాట. తరవాతివాళ్ళు అచ్చు పత్రికల అందం చూసి ముచ్చటపడి, పేజీకి ఇంత వెడల్పని గీత గీసి, ఆ నీళ్ళని గడ్డకట్టించారు. కంప్యూటర్లు బల్లలమీద ఉన్నంతకాలం ఆ గడ్డ బాగానే ఉంది. ఫోనులోకి దూర్చవలసి వచ్చేసరికి వచ్చింది తంటా.

బస్సు వేళ

మా కంప్యూటరు లాబు మాకు దొరికేది సాయంత్రం నాలుగింటి తరవాత. పన్నెండు యంత్రాల్లో తొమ్మిది పనిచేస్తాయి. పిల్లలు ఇద్దరిద్దరు కూర్చుని చేసుకునేవారు. ఒక్కమ్మాయి మాత్రం రెండే రెండుసార్లు వచ్చింది. తక్కిన రోజుల్లో నాలుగు కొట్టేసరికి సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయేది.

ఒకరోజు క్లాసులో అందరిముందూ అడిగాను, ఏమమ్మా లాబుకి రావడం లేదేమని.

‘‘నాలుగుంబావుకి మా ఊరి బస్సు మేడమ్. అది తప్పితే మళ్ళీ రాత్రికే.’’

‘‘బస్సులు అందరికీ ఉన్నాయి. ప్రాజెక్టు చేయనివాళ్ళకి మార్కులు మాత్రం ఉండవు’’ అన్నాను.

ఆ అమ్మాయి తల వంచుకుని నిలబడింది. బదులు చెప్పలేదు. నేను రిజిస్టరులో ఆ పేరుకి ఎదురుగా ఎర్రసిరాతో సున్నాలు చుట్టుకుంటూ పోయాను. క్రమశిక్షణ నేర్పుతున్నాననే అనుకున్నాను సుమండీ.

చీమలబారు

నెలా పదిహేను రోజులయ్యాక, ‘‘మీ పేజీలన్నీ ఇవాళ ఫోనుల్లో తెరవండి, చూద్దాం’’ అన్నాను. కంప్యూటరుమీద కల్యాణమంటపాల్లాగ వెలిగిపోయిన పేజీలు ఫోనులోకి వచ్చేసరికి చీమలబారులైపోయాయి. అక్షరం కనపడితే ఒట్టు!

కారణం నాకు తెలుసును. ముందుగా చెప్పడం మరిచానంతే. 2007లో ఐఫోను వచ్చేనాటికి ఉన్న పేజీలన్నీ పెద్ద తెరల కోసం రాసినవే. అంచేత ఆ ఫోనులోని బ్రౌజరు, తాను 980 చుక్కల వెడల్పున్నట్టు నటించి, పేజీనంతా ఆ లెక్కన పరిచి, ఆ పైన దాన్ని చిన్న తెరకి సరిపడా కుదించి చూపించేది. తక్కిన ఫోనులూ ఇంచుమించు ఆ దారే పట్టాయి. ఆ నటన మానిపించడానికి ‘వ్యూపోర్ట్’ అని ఒకే ఒక వాక్యం ఉంది. మన అక్షరానికి తలకట్టు ఉన్నట్టే పేజీకీ ఒక తలభాగం ఉంటుంది. అందులో ఆ వాక్యం రాస్తే, ‘నీ వెడల్పు ఎంతో అంతే అనుకో’ అని ఫోనుకి చెప్పినట్టు.

అందరూ ఆ వాక్యం రాశారు. అక్షరాలు పెద్దవయ్యాయి. కాని పేజీకి 900 చుక్కల వెడల్పని ముందే గీత గీసుకున్నారు గనక, సగం వాక్యం తెరలోపల, సగం తెరబయట. ఒక్క వాక్యం చదవడానికి పక్కకి లాగాలి, మళ్ళీ వెనక్కి లాగాలి. పేరా పూర్తయ్యేసరికి వేలు నెప్పెట్టింది.

దీనికీ మందుంది. 2010లో ఈతన్ మార్కాట్ అనే అమెరికన్ రచయిత ఒక వ్యాసంలో ఆ మందు చెప్పాడు: వెడల్పులు చుక్కల్లో కాక పాళ్ళలో చెప్పు, బొమ్మని తన గది దాటనివ్వకు, తెర ఇంతకన్నా పెద్దదైతే ఇల్లా మార్చు అని షరతులు రాసుకో అని. ఆ మరుసటి సంవత్సరం ల్యూక్ రోబ్లెవ్‌స్కీ అనే ఆయన ఇంకో అడుగు ముందుకి వేసి పుస్తకమే రాశాడు. అసలు ముందు ఫోనుకే తయారుచెయ్యి, పెద్ద తెర సంగతి తరవాత చూసుకో అన్నాడు. చిన్న తెరలో చోటుండదు. అంచేత ఏది ముఖ్యమో ముందే తేల్చుకోక తప్పదు.

ఈ మాటలన్నీ నేను క్లాసులో అంతకుముందే చెప్పాను. నోట్సులు కూడా రాయించాను. రాయించి, అందర్నీ తీసుకెళ్ళి పెద్ద తెరలముందు కూర్చోబెట్టాను. చెప్పేవి శ్రీరంగనీతులన్నమాట!

గిద్దె, సోల, తవ్వ

అప్పుడు వెనకబెంచీనించి ఆ బస్సు అమ్మాయి మెల్లిగా లేచింది. ‘‘నాది కూడా చూస్తారా మేడమ్?’’ అంది.

ఆ ఫోనుకి మూలనించి మూలకి ఒక పగులు ఉంది. కాని ఆ పగులు వెనక పేజీ మాత్రం అచ్చుగుద్దినట్టుంది. ఎక్కడా పక్కకి లాగే పని లేదు. వేలితో కిందికి జరుపుకుంటూ పోవడమే.

వాళ్ళ నాయనమ్మ ధాన్యం కొలిచే రోజుల్లోని కొలతల లెక్క అది. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. ఒక్కొక్క కొలతకీ ఎదురుగా, దాంతో ఇంట్లో ఏం కొలిచేవారో, దానిమీద ఏం సామెత ఉందో రాసింది.

తక్కిన పిల్లలు అల్లాంటి లెక్కలని అయిదేసి గళ్ళ పట్టికలుగా వేశారు. ఫోనులో మూడో గడి దాకానే కనపడుతుంది. ఈ అమ్మాయి పట్టికని విప్పేసింది. ఒక్కొక్క వరసనీ ఒక చిన్న చీటీలాగ చేసి, ఒకదాని కింద ఒకటి పేర్చింది.

‘‘ఇల్లా చెయ్యాలని నీకెవరు చెప్పారు?’’ అన్నాను.

‘‘ఎవరూ చెప్పలేదు మేడమ్. ముందు పట్టికే వేశాను. ఫోనులో సగం కనపడలేదు. ఇంట్లో కంప్యూటరు లేదు. ఫోనులోనే రాసి, ఫోనులోనే తెరిచి చూసుకునేదాన్ని. అందుకని మార్చేశాను.’’

పాఠకులకి ఈ మాట బరువు తెలియాలంటే ఒక సంగతి చెప్పాలి. హెచ్.టి.ఎమ్.ఎల్.లో అడుగడుగునా వచ్చే ఆ కోణపు గుర్తులు కంప్యూటరు మీటలమీద ఎదురుగా ఉంటాయి. ఫోనులో అయితే అక్షరాల అర దాటి, అంకెల అర దాటి వెళితేగాని సాధారణంగా దొరకవు. దొరికాక మళ్ళీ తెలుగు అక్షరాల అరకి రావాలి. ఒక్క పేజీలో అల్లాంటి గుర్తులు కొన్ని వందలు. ఆ అమ్మాయి వాటన్నిటినీ, ఇంటిపనయ్యాక, పగిలిన అద్దంమీద బొటనవేలితో కొట్టింది. నేనేమో ఎర్రసిరాతో సున్నాలు చుట్టాను!

వత్తులు, బరువులు

ఆ పేజీలో ఇంకో విశేషం కూడా చూశాను. ఇంగ్లీషు పేజీలనించి ఎత్తుకొచ్చిన కొలతలతో తక్కినవాళ్ళ వరసలు మరీ దగ్గరగా ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరానికి అది చాలు. మనకి అల్లా కాదు. ‘రాష్ట్రం’ అని రాస్తే కిందికి రెండు వత్తులు దిగుతాయి. కింది వరసలో గుడి పైకి లేచి ఉంటుంది. పై వరస వత్తు వచ్చి కింది వరస గుడిని పొడుస్తుంది. ఈ అమ్మాయి వరసల ఎడాన్ని అక్షరం ఎత్తుకి ఒకటిముప్పాతిక వంతు చేసింది. ‘‘మా నాయనమ్మకి చదివి వినిపిస్తూంటే నాకే కళ్ళు లాగాయి మేడమ్’’ అంది.

తెలుగు అక్షరాల రకాలకి ఇప్పుడు కరువు లేదు. గూగుల్‌వారి కొట్లో పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, గురజాడ, గిడుగు, ఈ పేర్లతోనే ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఆ పేర్లు చూసినరోజున నాకు పుట్టింటివాళ్ళు కనపడినంత సంతోషమైంది. పిల్లలు తలొక మహాకవినీ పేజీలోకి ఆహ్వానించారు. ఈ అమ్మాయి మాత్రం ఫోనులో ఉన్న అక్షరాలతోనే సరిపెట్టుకుంది. ‘‘కవులందరూ బరువు మేడమ్. మా ఊళ్ళో సిగ్నలు అంతంతమాత్రం’’ అంది.

నిజమే. వత్తులూ, గుణింతాలూ అన్నీ పొదగాలి గనక తెలుగు ఫాంటు ఇంగ్లీషు ఫాంటుకన్నా బరువెక్కుతుంది. అయినా బరువంటే అసలు బరువు ఫోటోలది. తెలుగులో ఒక్కొక్క గుర్తుకి మూడేసి బైట్లు పడతాయి. రెండువేల గుర్తుల పేజీ అంటే ఆరువేల బైట్లు. ఒక కుర్రాడు ఫోనుతో తీసిన ఫోటోని తీసినట్టే పెట్టేశాడు, నాలుగు మెగాబైట్లు. ఆ ఒక్క బొమ్మ బరువుతో అల్లాంటి పేజీలు ఆరువందలకి పైగా వస్తాయి. తెర వెడల్పుకి సరిపడా కుదించి పెట్టడం ఆ రోజే నేర్పాను.

స్త్రీకి ఎన్ని అక్షరాలు?

ఛందస్సంటే ప్రాణమిచ్చే కుర్రాడొకడు, పద్యపాదం ఇస్తే గురులఘువులు చెప్పే పేజీ చేస్తానని బయలుదేరాడు. ముందు అక్షరాలు లెక్కపెట్టమంటే, ‘స్త్రీ’ అన్న మాటకి ఆరు అని చెప్పింది జావాస్క్రిప్టు! క్లాసంతా నవ్వింది.

దాని లెక్క దానిది. ప్రపంచ లిపులన్నిటికీ అంకెలిచ్చే యూనికోడ్ పద్ధతి 1991లో మొదలైనప్పుడే తెలుగుకీ చోటిచ్చింది. ఆ పద్ధతిలో ‘స్త్రీ’ అంటే సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘమైన గుడి. అంటే ఆరు గుర్తులు. కంటికి ఒకటి, యంత్రానికి ఆరు. పొల్లు కనపడితే పక్కదాన్ని కలిపి లెక్కపెట్టమని మనమే దానికి నేర్పాలి. సంయుక్తాక్షరం అంటే ఏమిటో ఆ గంటలో పిల్లలకి తెలిసినట్టు నా ఇరవైయేళ్ళ పాఠాల్లో ఎన్నడూ తెలిసి ఉండదు.

ఈ కలపడంలో గొప్పవాళ్ళూ బోల్తాపడ్డారు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో కలిసి వస్తే, ఐఫోనుల్లో మెసేజీలు చూపే యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆపిల్‌వారు ఆ నెల 19న మరమ్మతు విడుదల చేశారు. ఇది చెబితే, ‘‘జ్ఞానం మోయలేకపోయింది మేడమ్’’ అన్నాడు ఛందస్సు కుర్రాడు.

అత్తగారి పరీక్ష

పేజీలన్నీ సరిదిద్దాక ఇంటికి తెచ్చి మా అత్తగారి ఫోనులో తెరిచి ఇచ్చాను. ఆవిడకి డెబ్భైనాలుగేళ్ళు. వారపత్రిక సీరియలు ఒక్కటీ వదలరు. ఇంతకన్నా మంచి పరీక్షాధికారి ఎక్కడ దొరుకుతారు?

మొదటి పేజీ దగ్గరే ఆగిపోయారు. ‘‘రెండు వేళ్ళూ పెట్టి లాగుతున్నా సాగడం లేదేమిటమ్మాయ్?’’ అన్నారు. చూద్దును గదా, వ్యూపోర్ట్ వాక్యం ఎక్కడినించో ఎత్తి రాస్తూ, పేజీని పెద్దది చేయనివ్వకు అన్న ముక్క కూడా దాంతోపాటు ఎత్తుకొచ్చాడా కుర్రాడు. కళ్ళు ఆననివాళ్ళకి అది తలుపుమీద తాళమే. రెండో పేజీలో ఒక పాట నొక్కితే ఇంకో పాట తెరుచుకుంది. మీటలు మరీ చిన్నవి. వేలు పట్టడానికి కనీసం 44 పాయింట్ల చదరం ఉండాలని ఆపిల్‌వారి సలహా. మా అత్తగారు ఆ సలహా చదవకుండానే, ‘‘ఇవి సూదిబెజ్జాలా?’’ అన్నారు. అన్నీ రాసుకున్నాను.

బస్సు అమ్మాయి పేజీ దగ్గర మాత్రం మాట్లాడలేదు. చివరిదాకా చదివి, మళ్ళీ పైకి జరుపుకుని చదివి, ‘‘మా అమ్మ ఇల్లాగే కొలిచేది. అరసోల మరిచిపోయిందమ్మా ఆ పిల్ల. నెయ్యి అరసోలతోనే కొలిచేవాళ్ళం. చెప్పు’’ అన్నారు.

మర్నాడు క్లాసులో అందరిముందూ, తప్పు నాదేనని ఆ అమ్మాయితో చెప్పాను. కోప్పడ్డది అందరిముందూ గనక, ఒప్పుకోవడం కూడా అందరిముందూ జరగాలి గదా. రిజిస్టరు దిద్దాను. లాబు వేళ మధ్యాహ్నానికి మార్పించాను. ఆ అమ్మాయి చీటీలని పెద్ద తెరమీద మళ్ళీ పట్టికగా కూర్చే షరతు ఎల్లా రాయాలో ఇద్దరం కలిసి నేర్చుకున్నాం. చిన్నదాంట్లో కుదిరినది పెద్దదానికి పెంచడం నాలుగు వాక్యాల పని అయింది. పెద్దది చిన్నదాంట్లోకి కుక్కడానికి తక్కిన పదముగ్గురికీ మూడు వారాలు పట్టింది.

‘‘నేను చేసిందేముంది మేడమ్, నాకున్నది ఫోనే గదా’’ అంది ఆ అమ్మాయి.

చదివేవాళ్ళకీ ఉన్నది అదే. వాళ్ళ చేతిలో ఉన్నదాంతోనే చేసింది గనక ఆ పేజీ వాళ్ళకి అందింది. ఈ యేడు పాఠం అక్కడే మొదలుపెట్టాను. మొదటి నెల లాబు లేదు. ఫోనులో రాయండి, ఫోనులో చూడండి, ఇంట్లో అందరికన్నా పెద్దవారి చేతికిచ్చి చదివించండి, వాళ్ళు ఎక్కడ ఆగారో రాసుకుని రండి అన్నాను.

అరసోల ఆ మర్నాడే పేజీలో చేరింది. బీరువాలో పుస్తకాలకి ఎన్నడూ ఇల్లాంటి దిద్దుబాటు జరగలేదు.

మొన్న సాయంత్రం మా అత్తగారు ఫోను పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగారు: ‘‘ఈ యేడు మీ పిల్లలు ఏయే ఊళ్ళు వెళుతున్నారమ్మాయ్?’’